బొమ్మ కింద మూడో ప్రశ్న

చెన్నైలో తారా బుక్స్ పుస్తకాలను చేత్తో అచ్చువేసే ముద్రణశాలలో నా చూపంతా ఒక కార్మికుడి చేతుల మీదే నిలిచిపోయింది. నల్ల కాగితాన్ని గుర్తులకు ఆనించి పెడతాడు, స్క్రీన్ దించుతాడు, రబ్బరు పట్టీతో రంగును ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున లాగుతాడు. స్క్రీన్ ఎత్తితే కాగితం మీద చెట్టంతా ఉండదు, ఆ ఒక్క రంగుకు చెందిన కొమ్మలే ఉంటాయి. అవి ఆరితే గాని రెండో రంగు పడదు. పడేటప్పుడు కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెదిరిపోతుంది. భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి అనే ముగ్గురు గోండు చిత్రకారుల ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ 2006లో ఇలా అచ్చయిన పుస్తకమే. బొమ్మ పొరపొరగా తయారవడం చూసిన పిల్లలకు, అందులో ప్రతి గీతా ఎవరో ఆలోచించి పెట్టిందేనని వేరే చెప్పనక్కర్లేదు. రాత నేర్పాలన్నా మొదట తెలియాల్సింది అదే.

మన బడి ఈ సంగతి పట్టించుకోదన్నదే నా బాధ. తెలుగు వాచకాల్లో ఎన్నో పాఠాలు బొమ్మతోనే మొదలవుతాయి. బొమ్మలో ఎవరెవరున్నారు, ఏం చేస్తున్నారు అని కింద ప్రశ్నలూ ఉంటాయి. జవాబు రాగానే పేజీ తిరిగిపోతుంది. పిల్లల చేత నోరు విప్పించడానికి ఆ ప్రశ్నలు మంచివే. కానీ ఈ మనిషిని మూలకు ఎందుకు నెట్టారు, ఆ ఇంటిని అంత చిన్నగా ఎందుకు గీశారు అని అడగకపోతే కూర్పు అనేది పట్టుబడదు. భజ్జు శ్యామ్ ‘ది లండన్ జంగిల్ బుక్’ (2004) చూడండి. ఓ రెస్టారెంటు గోడల మీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లిన ఆయన, అక్కడి భూగర్భ రైలును వానపామును చేశాడు. బిగ్ బెన్ గడియారాన్ని కోడిపుంజుతో కలిపేశాడు. రెండూ పొద్దు చెప్పేవే కదా! అలంకారాల పాఠం నిర్వచనంతో చెప్పేదాన్ని ఆ పుంజు కంటికి చూపిస్తుంది. మీ ఊరి బస్సు ఏ జంతువు అని అడిగి, ముందు గీయించి తర్వాత రాయించాలి. దాని కళ్లెక్కడ, ఏ మలుపులో రొప్పుతుంది అన్నది గీసేటప్పుడే తేల్చుకోవాలి కాబట్టి, రాయడానికి కూర్చునేసరికి చెప్పడానికి సరుకుంటుంది.

బొమ్మ చూపిస్తే పిల్లలు కాపీ కొడతారని కొందరు ఉపాధ్యాయుల భయం. గోండు చిత్రకారులు గీసే చెట్లు, జంతువులు చాలావరకు అందరివీ ఒకటే. లోపల నింపే చుక్కల్లో, గీతల్లో మాత్రం ఎవరి ముద్ర వారిది. పిల్లలను కూడా చూసి గీయనిద్దాం, ఆ లోపలి భాగం మాత్రం వాళ్లనే నింపమందాం. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ధర. చేత్తో అచ్చయిన పుస్తకం ప్రభుత్వ బడికి భారమే, కాదనను. తరగతికి ఒక్క ప్రతి ఉన్నా చాలు. అదీ కుదరకపోతే సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే కథల పటం మన దగ్గరే ఉంది. ఆ పటంలో ఎర్రటి నేపథ్యం మీద వరసలుగా గీసిన ఘట్టాలను చూపుతూ కథకులు కథ చెప్పేవారు. ఏ ఘట్టం గీశారు, ఏది కథకుడి నోటికి వదిలేశారు అని వెతికించడం కన్నా మంచి రచనా పాఠం నాకు తోచదు. ఇక సమయం లేదంటారా, దీనికి వేరే పీరియడు అక్కర్లేదు. వాచకంలో ఇప్పటికే ఉన్న బొమ్మ కింద, ఇప్పటికే ఉన్న రెండు ప్రశ్నల తర్వాత, ‘ఇందులో ఏది గీయకుండా వదిలేశారు, ఎందుకు?’ అనే మూడో ప్రశ్న చేర్చమని వాచకాలు కూర్చేవారిని అడుగుతున్నాను.