పామేడు దారిలో ఒక నూనె చుక్క

భద్రాచలం నుంచి గోదావరి ఎడమగట్టు వెంట ఎగువకు 50 కిలోమీటర్ల పైచిలుకు సాగితే చర్ల వస్తుంది. అక్కడి నుంచి అడవిలోకి చీలిన దారి రాష్ట్రాల సరిహద్దును దాటి పామేడు చేరుతుంది. ఒకప్పటి అవిభక్త బస్తర్ జిల్లాలోని ఈ గ్రామం 1998లో దంతెవాడ జిల్లాలోకీ, 2007లో బీజాపూర్ జిల్లాలోకీ వచ్చింది. నడుమ 2000 నవంబరు 1న రాష్ట్రం పేరే మారి ఛత్తీస్‌గఢ్ అయింది. కాగితాల మీద ఇన్ని మార్పులు జరిగినా, ఉప్పుకూ మందులకూ పెళ్లిబట్టలకూ పామేడు ప్రజలు చూసే దిక్కు మాత్రం చర్ల. అడవిలో సంఘర్షణ సాగిన దీర్ఘకాలంలో బీజాపూర్ వైపు దారి మూసుకుపోగా, జిల్లా అధికారులు సైతం తెలంగాణ మీదుగా చుట్టు తిరిగి రావలసి వచ్చేది. ఇటీవలి సంవత్సరాలలో ఆ వైపు రోడ్డు పనులు సాగాయి. ఇక్కడ చెప్పబోయేది అంతకు ముందటి మాట.

ఆ దారిని బతికించినవి జీపులూ ట్రాక్టర్లూ. సంతరోజున చర్ల నుంచి సరుకుతో వచ్చిన ఒక పాత డీజిల్ జీపు, సాయంత్రం తిరుగు ప్రయాణానికి సిద్ధం కావలసిన వేళ, బానెట్ సందుల నుంచి పలుచని నీలిపొగ వదిలింది. డ్రైవరు నడివయస్కుడు, పాతికేళ్లుగా స్టీరింగు పట్టినవాడు. బానెట్ ఎత్తి చూసి, వేలితో మూత అంచు తడిమాడు. వేలు నల్లగా తడిసింది. ఇంజను నెత్తిమీది మూత అంచు నుంచి నూనె కారి, వేడి పొగగొట్టం మీద పడి కాలుతున్నది.

అప్పటికే ఒక ముసలామె వచ్చి జీపు పక్కన నిలబడింది. కోడలికి నొప్పులు ఇంకా మొదలు కాలేదు గాని, కాళ్లు వాచి తలనొప్పితో పడి ఉన్నది. తెల్లవారగానే భద్రాచలం ఆసుపత్రికి తీసుకువెళ్లమని ఆరోగ్య కార్యకర్త చెప్పిందట.

“కొడుకా, పొద్దుగాల బండి పోతదా?”

“పోతదవ్వా. రాత్రికి నూనె ఆపితె పోతది.”

ఆ జవాబులో ధైర్యమెంతో, సంశయమూ అంతే. నూనె కారినంత మాత్రాన బండి ఆగిపోదు. అందుకే చాలామంది దానిని పట్టించుకోరు. ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలలో అంబాసిడర్లు వరుసగా నిలిచిన కాలంలో, ప్రతి కారు కిందా ఒక నల్లని మరక ఉండేది. అది కారుకు సహజగుణమని అధికారులూ డ్రైవర్లూ సమంగా నమ్మేవారు. పట్టణంలో ఆ నమ్మకం వల్ల వచ్చే నష్టం ఒక డబ్బా నూనె. అడవిదారిలో లెక్క వేరు. వాగులలో దిగి, రాళ్ల మీద మొదటి గేరులో మూలుగుతూ పోయే ఇంజనులో నూనె మట్టం పడిపోతే, బేరింగులు పట్టేసే చోట ఆసుపత్రీ ఉండదు, మరో బండీ ఉండదు. పొగగొట్టం మీది నూనె అంటుకున్నా అంతే.

ఈ మూతను షెడ్లలో ట్యాపెట్ కవర్ అంటారు. మూతకూ ఇంజను తలకూ నడుమ ఉండే మెత్తని పట్టీ ప్యాకింగ్. మూత కింద వాల్వులను తెరిచి మూసే చేతులు నిమిషానికి వందలసార్లు లేచి పడుతుంటాయి; వాటిని తడిపే నూనె చిమ్మి బయటికి రాకుండా ఆపడమే మూత పని. వాల్వుకు పాఠ్యపుస్తకాలు కవాటమని పేరు పెట్టాయి. గుండెకు ఆ మాట అతికింది; ఇంజనుకు మాత్రం ఎందుకో అతకలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయపదాలతో 1962లో వెలువడినప్పుడు, పదాలను సేకరించింది రైతుల నోటి నుంచి. అదే ఓపికతో మోటారు షెడ్డు ముందు కూర్చున్నవారికి ‘ట్యాపెట్ కొట్టుకోవడం’, ‘ప్యాకింగ్ కొట్టేయడం’, ‘నూనె తాగడం’ వంటి పలుకుబళ్లు ఎన్నో దొరుకుతాయి. వాటిలో ఒక్కటీ నిఘంటుకారుడు కూర్చుని కల్పించినది కాదు.

డ్రైవరు వెంటనే పానా పట్టలేదు. ఇంజను చల్లారాలి. వేడి మీద మూత విప్పితే చేయి కాలడమే కాదు, బిగింపు అంచనా కూడా తప్పుతుంది. చీకటి పడ్డాక, ముసలామె మనుమడు టార్చి పట్టుకోగా పని మొదలైంది. విప్పిన బోల్టులను స్టీలు పళ్లెంలో, ఉన్న వరుసలోనే పేర్చమని కుర్రవాడికి చెప్పాడు. మూత లేవగానే తెరుచుకున్న భాగం మీద శుభ్రమైన గుడ్డ పరిచాడు. పాత ప్యాకింగ్ ఎండి, పెళుసెక్కి, అంచుకు కరుచుకొని ఉన్నది. దానిని బ్లేడుతో గీకి తీయడానికి గంట పట్టింది. ఒక్క తునక లోపల పడినా అది నూనెదారికి అడ్డుపడగలదు. కుర్రవాడు తొందరపడితే, “నువ్వు లైటు సరిగ పట్టు, చాలు” అన్నాడు.

కొత్త ప్యాకింగ్ అతని దగ్గర లేదు. సీటు కింద చుట్టిపెట్టిన కార్కు షీటు మాత్రం ఉన్నది. మూత అంచుకు పలుచగా నూనె పూసి, పాత దినపత్రిక మీద అద్దాడు. అంచు ఆకారమూ బోల్టు రంధ్రాలూ కాగితం మీద ముద్రపడ్డాయి. ఆ కాగితాన్ని కత్తిరించి, షీటు మీద పరిచి, గడ్డం బ్లేడుతో కోశాడు. రంధ్రాలకు ఒక ఇనుపగొట్టం ముక్కను కొసలు సానబట్టి వాడాడు.

ఆ కార్కు వచ్చింది కూడా అడవి నుంచే. అయితే ఈ అడవి నుంచి కాదు. పోర్చుగల్‌లోనూ మధ్యధరా తీరంలోనూ పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు అది. చెట్టుకు సుమారు పాతికేళ్లు నిండాక తొలిసారి బెరడు ఒలుస్తారు, తరువాత తొమ్మిదేళ్లకొకసారి. చెట్టును నరకరు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, చిన్న చిన్న గదులున్నాయని చూసి, వాటికి పేరు పెట్టింది ఈ బెరడులోనే. గాలి నిండిన ఆ గదుల వల్లనే కార్కుకు ఒక అరుదైన గుణం అబ్బింది: పైనుంచి నొక్కితే అది అణగుతుంది గాని, రబ్బరులా పక్కలకు ఉబికిపోదు. అంచుల నడుమ కుదురుగా నిలుస్తుంది. అతిగా నొక్కితే మాత్రం నలిగి చీలుతుంది.

డ్రైవరుకు హుక్ పేరు తెలియదు. చీలడం మాత్రం బాగా తెలుసు. మూతను తిరగేసి, అంచును ఒక చదునైన చెక్కమీద ఆనించి చూశాడు. బోల్టు రంధ్రాల దగ్గర రేకు లోపలికి గుంటపడి, వాటి నడుమ పైకి లేచి ఉన్నది. ఆ సందులలోనుంచే నూనె కారింది. తప్పెవరిదని కుర్రవాడు అడగలేదు, అయినా అతనే చెప్పాడు: కిందటి వర్షాకాలంలో కొంచెం చెమ్మ కనబడగానే తానే పెద్ద పానా వేసి, బలమంతా పెట్టి బిగించాడు. రెండు రోజులు ఆగింది. తరువాత మరింత కారింది. కారేదానిని ఇంకా బిగించాలనిపించడం చేతికున్న స్వభావం. ఇంజను మూత విషయంలో అది పనికిరాదు. చెక్కమీద పెట్టి, చిన్న సుత్తితో ఒక్కొక్క గుంటనూ తట్టి సరిచేశాడు.

ఇంకొక పని మిగిలింది. ఇంజనులో పుట్టే ఆవిరి బయటికి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. దారిదుమ్ము నూనెతో కలిసి దానిని పూడ్చేస్తే, లోపలి ఒత్తిడి ఎంత కొత్త ప్యాకింగునైనా నెట్టుకొని నూనెను బయటికి తోస్తుంది. గొట్టం విప్పి ఊదాడు, గాలి పోలేదు. డీజిలుతో కడిగి, సైకిలు పుల్లతో పొడిచి, మళ్లీ ఊదాడు. ఈసారి అవతలి కొసన కుర్రవాడి అరచేతికి గాలి తగిలింది.

ప్యాకింగును మూతకు అంటించాలి. అతని గురువు కాలంలో స్పిరిట్‌లో కరిగించిన లక్క వాడేవారట. ఆ లక్కకు బస్తర్ కొత్తది కాదు. మోదుగ, రేగు కొమ్మల మీద లక్కపురుగు పెట్టిన గూడును గీకి సంతలో అమ్మేవారు ఇక్కడి అడవిబిడ్డలే. కలకత్తా దాకా పోయి, వడపోతలు గడిచి, సీసాలలో కెక్కి అది ఇంజన్ల మీదికి చేరేది. ఇప్పుడు ట్యూబులో జిగురు దొరుకుతుంది. దానిని మూత వైపు మాత్రమే రాసి, ఇంజను వైపు పొడిగా ఉంచాడు. ట్యాపెట్లు సరిచేయడానికి ఎప్పుడో మళ్లీ విప్పక తప్పదు. అప్పుడు ప్యాకింగ్ చిరగకూడదు.

బోల్టులన్నీ ముందు చేతివేళ్లతోనే ఎక్కించాడు. తరువాత చిన్న పానాతో, నడుమ నుంచి కొసలకు, ఒకటి ఇటు, ఒకటి అటు, తలా కొంచెం. ఒక చుట్టు పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి. కార్కు అంచు కాస్త అణగినట్లు కనబడగానే చేయి తీశాడు. కుర్రవాడికి ఆ బిగింపు చాలదనిపించింది, ఇంకొంచెం తిప్పమన్నాడు. డ్రైవరు పానాను అతనికందించి, పిడి చివర కాక మధ్యలో పట్టుకొని తిప్పి చూడమన్నాడు. కుర్రవాడు తిప్పబోయి, ఆగిపోయాడు.

కోడికూత వేళకు కోడలిని మంచంతో సహా తెచ్చి, వెనుక సీటు విప్పి పడుకోబెట్టారు. సీసాలో మిగిలిన నూనె పోసి, కొలకర్రతో మట్టం చూసుకొని, డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. పొగ లేదు. అయినా మొదటి వాగు దాటగానే ఒకసారి, చర్లలో ఒకసారి ఆపాడు. చర్లలో ఇంజను బాగా వేడెక్కి ఉన్నది. బానెట్ ఎత్తి, మూత అంచు చుట్టూ వేలు పోనిచ్చాడు. వేలు పొడిగానే ఉన్నది. రెండు బోల్టులను పావు చుట్టు తిప్పాడు. మిగిలినవాటి జోలికి పోలేదు. వెనుకనుంచి ముసలామె, “ఏమాయె కొడుకా?” అన్నది.

“ఏం లేదవ్వా” అని బానెట్ దించి, భద్రాచలం వైపు బండి పోనిచ్చాడు. ఆకారం దిద్దిన దినపత్రిక ముక్క, మడత చెడకుండా, కార్కు షీటుతో పాటే అతని సీటు కింద ఉన్నది.