టోటల్లో కలపని సబ్జెక్టు

నేను మద్రాసులో పదో తరగతి దాకా తెలుగే మొదటి భాషగా చదివాను. తర్వాత బి.కాం., ఆపైన బ్యాంకు. కౌంటరులో నాకు అన్నం పెట్టింది మాత్రం తమిళమే. దాని మీద నాకు కోపం లేదు.

2006లో తమిళం నేర్పే చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో మొదలై, ఏటా ఒక్కో మెట్టెక్కి 2015–16కి పదో తరగతి చేరింది. తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండోది, మిగతా పాఠాలు మూడోది. మన భాష నాలుగోది, ఇష్టమైతే చదవొచ్చు. మా అబ్బాయి ఆ మొదటి జట్టులోవాడే.

నాలుగో తరగతిలో "తెలుగు మార్కులు టోటల్లో కలపరంట నాన్నా" అన్నాడు. జమాఖర్చులు చూసే మనిషిని కదా, మానిపించి లెక్కల ట్యూషన్లో వేశాను.

బ్యాంకులో రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా మూలపడుతుంది. అయినా సొమ్ము పోదు, అడిగితే ఇస్తాం. భాషకు ఆ హామీ లేదు.

వాడికి ఉద్యోగం వచ్చినప్పుడు నెల్లూరు నుంచి మా అమ్మ కార్డు రాసింది. అటూ ఇటూ తిప్పి, "చదివి పెట్టు నాన్నా" అన్నాడు. చట్టాన్ని తిట్టబోయి ఆగాను. మానిపించింది నేనే.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం పలక ముందు కూర్చుంటున్నాం. జవాబు వాడే రాస్తాడట. మా అమ్మ ఎదురుచూస్తోంది.