జాతకంలో లేని గ్రహం

కర్కాటక రాశి వారికి ఇది శుభవార్తో కాదో చెప్పలేను గాని, ఆ తారల గుంపులో మన పంచాంగాలకెక్కని గ్రహం ఒకటి వుంది. మనకి 41 కాంతి సంవత్సరాల దూరం. 2004లో కనిపెట్టారు. 2015లో జాన్సెన్ అని బారసాల కూడా చేశారు. బరువులో మన భూమికి ఎనిమిదింతలు. తన సూర్యుడికి ఎంత దగ్గరగా తిరుగుతుందంటే, పద్దెనిమిది గంటలు నిండకుండానే దానికి ఏడాది అయిపోతుంది. అరిసెల బియ్యం నానేలోగా సంక్రాంతి వెళ్ళిపోతుందన్నమాట!

చిత్రమేమిటంటే దాని వెలుగు నిలకడగా వుండదు. స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపు 2012లోనూ, 2013లోనూ చూస్తే, ఆ గ్రహం పగటివైపు వేడి వెయ్యి డిగ్రీల నుంచి 2,700 డిగ్రీల దాకా మారినట్టు లెక్క తేలింది.

విడిగా కనిపించని గ్రహాన్ని ఎలా కొలిచారంటారా? మనకి తెలిసిన చిట్కాయే. చంటిపిల్ల కాటా మీద నిలవకపోతే ఏం చేస్తాం? పిల్లని ఎత్తుకుని కాటా ఎక్కుతాం. దింపేసి మళ్ళీ ఎక్కుతాం. తేడా పిల్ల బరువు. అలాగే గ్రహం పక్కన వున్నప్పుడు ఇద్దరి వెలుగూ కలిపి చూస్తారు, అది సూర్యుడి చాటుకి వెళ్ళాక సూర్యుడొక్కడి వెలుగూ చూస్తారు. ఆ తేడా ఒకసారి ఎక్కువా, ఒకసారి తక్కువా వస్తోంది.

అగ్నిపర్వతాలు పొగ కక్కుతున్నాయేమోనన్నారు. కరిగిన రాతి సముద్రం మీద ఆవిర్లు లేచి మబ్బులు కడుతున్నాయేమోనన్నారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో చూశాక 2024లో, కార్బన్ వాయువులున్న వాతావరణం వుండవచ్చునన్నారు. ఆ ‘వచ్చును’ గమనించండి.

మా అక్క కూతురిదీ కర్కాటకమే. పైగా ఆశ్లేషా నక్షత్రం. ఆశ్లేష పిల్ల అత్తగారికి గండమని మా కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. అమలాపురం సంబంధం పెళ్ళిచూపుల దాకా వచ్చి ఆగింది. రాజోలు వాళ్ళు ఫోటో అయినా చూడలేదు. కొత్తపేట వాళ్ళే కాస్త నయం, అత్తగారు లేని ఇల్లేదైనా చూసుకోమని సలహా చెప్పి మరీ పంపారు! టెలిస్కోపులతో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు ‘వుండవచ్చును’ దగ్గర ఆగితే, పిల్ల మొహమైనా చూడనివాళ్ళు గండమని తేల్చేశారు. మా అక్క ఆ దిగులుతోనే సగమైపోయింది. పిల్ల మాత్రం ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం చేసుకుంటూ, పైకి నవ్వుతూనే తిరుగుతుంది.

ఒక ఫాల్గుణ మాసపు రాత్రి ఇద్దరం డాబా ఎక్కాం. కొబ్బరాకుల సందుల్లోంచి కర్కాటకం చూపించింది. మసకగుంపు. గ్రహం సరే, దాని సూర్యుడే నా కంటికి ఆనలేదు.

“పిన్నీ, మొదట్లో దీని ఏడాది దాదాపు మూడు రోజులనుకున్నారు. తప్పని తెలిశాక దిద్దేసుకున్నారు. జాతకాలు ఎవరు దిద్దుతారూ?” అంది.

నేనింకా ఏం చెప్పాలా అని వెతుక్కుంటుంటే, అన్నాలకి రమ్మని కింద నుంచి అక్క కేకేసింది.