అర్ధరాత్రి మోగవలసిన గంట

నా మేనల్లుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ సర్వర్ల బాగోగులు చూస్తుంటాడు. కొన్ని నెలల క్రితం తలనొప్పి, గుండెదడ, నిద్రలేమి అంటూ నా దగ్గరకు వచ్చాడు. రక్తపుపోటు 146/94 ఉన్నది. ఇ.సి.జి., థైరాయిడ్ పరీక్షలలో దోషం లేదు. రాత్రి ఎన్నిసార్లు లేస్తావని అడిగితే ఏమీ చెప్పకుండా ఫోను నా చేతిలో పెట్టాడు. ముందటి రాత్రి 11 గంటలనుంచి తెల్లవారుజాము 6 లోగా 43 హెచ్చరికలు!

కేసు షీటు చదివినట్లే వాటిని చదివాను. ప్రాసెసర్ వాడకం 80 శాతం దాటింది. రెండు నిమిషాలకు తగ్గింది. డిస్కు 70 శాతం నిండింది. ఇలాంటివే అన్నీ.

"వీటిలో నువ్వు లేచి ఏదైనా చేయవలసి వచ్చినవి ఎన్ని?"

"ఒక్కటి, మామయ్యా. మిగిలినవి వాటంతట అవే సర్దుకున్నాయి."

ఈ జబ్బు వైద్యులకు కొత్త కాదు. ఇంటెన్సివ్ కేర్ వార్డులో రోగి వేలినుంచి ఆక్సిజన్ క్లిప్పు జారినా గంట మోగుతుంది, రోగి పక్కకు ఒత్తిగిలినా మోగుతుంది. రోజంతా వినీ వినీ చెవి దానిని పట్టించుకోవడం మానుకుంటుంది. దీనినే అలారం ఫెటీగ్ అంటారు. అమెరికాలో ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాయింట్ కమిషన్ 2013లో దీనిపై ఒక హెచ్చరిక వెలువరించింది. 2009 జనవరినుంచి 2012 జూన్ వరకు అలారాలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన 98 ఘటనలలో 80 మంది మరణించారని అందులో ఉన్నది. మోగే గంటలలో 85నుంచి 99 శాతం వరకు ఏ చికిత్సా అవసరం లేనివేనని అంచనా.

సర్వర్ ఆగితే ప్రాణం పోతుందా అని పాఠకులు అడగవచ్చు. రక్తంలో పొటాషియం 6.8 ఉన్నదన్న ఫలితం ప్రయోగశాలలో సిద్ధమై, వార్డులోని తెరమీదకు చేరకపోతే ఆ రోగి గుండె ఆగవచ్చు. అటువంటి ఫలితాన్ని ఫోనులో చెప్పే పాత పద్ధతిని ఏ ఆసుపత్రీ వదలరాదు.

ఆ ఆదివారం ఇద్దరం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. సాంకేతిక జ్ఞానం అతడిది, ప్రశ్నలు నావి. ఇప్పుడు లేచి చేయవలసిన పని ఉంటేనే ఫోను మోగాలి; తక్కినవి ఉదయం చదువుకునే జాబితాలోకి పోవాలి. ఒక్కసారి జవాబు రాలేదని గంట కొట్టరాదు. నిమిషానికొకసారి చూసి, వరుసగా మూడుసార్లు జవాబు రాకపోతే కొట్టాలి. ఒక్క రీడింగు చూసి రక్తపుపోటు మాత్రలు మొదలుపెట్టము గదా! డిస్కు ఎంత నిండిందన్నదానికన్నా ఎంత వేగంగా నిండుతున్నదన్నది ముఖ్యం. పది నిమిషాలలో ఒకరు అందుకోకపోతే రెండవ వ్యక్తికి పోవాలి.

కాపలా కాసే ప్రోగ్రాము ఎక్కడ ఉన్నదని అడిగాను. అదే సర్వర్‌లో ఉన్నదట! సర్వర్ పడిపోతే అదీ పడిపోతుంది, హెచ్చరిక పంపేవారుండరు. మధుమేహ రోగులలో కొందరికి నొప్పి తెలియకుండానే గుండెపోటు వస్తుంది. ఫిర్యాదు లేదంటే ఆరోగ్యమని అర్థం కాదు. అందుచేత కాపలాను వేరే చోటికి, వేరే ఇంటర్నెట్ లైనుమీదికి మార్చాడు. రాత్రి బ్యాకప్ ముగియగానే 'పని అయింది' అన్న సంకేతం అక్కడికి చేరాలి; 3 గంటలకల్లా అది చేరకపోతే ఆ మౌనానికే గంట మోగుతుంది. నెలకొకసారి కావాలని ఒక సేవను ఆపి, ఫోను నిజంగా మోగుతున్నదో లేదో చూడమన్నాను. డీఫిబ్రిలేటరును అవసరం రాకముందే పరీక్షించి ఉంచుతాము గదా.

ఇక నా వృత్తికి చెందిన మాట. గాఢనిద్రలోనుంచి లేచినవాడి మెదడు పదిహేను నిమిషాలనుంచి అరగంట వరకు మందకొడిగా ఉంటుంది. ఆ స్థితిలో జ్ఞాపకంనుంచి ఆదేశాలు టైపు చేయడం ప్రమాదకరం. మొదట చూడవలసినది, తరువాత చేయవలసినది వరుసగా రాసిన కాగితం మంచం పక్కన ఉండాలి. రాత్రి లేచినవాడికి మరునాడు ఆలస్యంగా వచ్చే వీలుండాలి, రాత్రి విధి వారాలవారీగా మారాలి.

ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు మాత్రమే ఫోను మోగుతున్నది. రక్తపుపోటు 134/86కు దిగింది. ఉప్పు తగ్గించమని, నడవమని కూడా చెప్పాను. రాత్రి విధికి రెండవ వ్యక్తిని నియమించే విషయం మాత్రం యాజమాన్యం పరిశీలనలో ఉన్నదట. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ సేవలో ఉన్నవాడిని, ఆ మాటకు అర్థం నాకు తెలుసు. వచ్చే నెల మళ్ళీ రక్తపుపోటు చూపించుకోమన్నాను.