పిల్లల తీరిక

ఏప్రిల్ నెల ముగియకమునుపే బడిగంట మూగవోవుటయు, మఱునాటినుండియే పిల్లవానిని చిత్రలేఖనమునకో, చదరంగమునకో, ఈతకో, కానిచో రానున్న తరగతి పాఠములకో గంటల లెక్కన అప్పగించుటయు నేటి పట్టణగృహములలో ఆచారమైపోయినది. ఏడాది పొడవునను పుస్తకముల సంచి మోసిన బిడ్డకు దక్కిన విరామమును మఱియొక కాలపట్టికగా మార్చి, దానికి వేసవి శిబిరమని ముద్దుపేరు పెట్టుకొంటిమి. శిబిరములు చెడ్డవని నేననను. తల్లియు తండ్రియు ఉద్యోగములకు పోవు ఇండ్లలో అవి అనివార్యములు. కాని ఊరక కూర్చున్న బిడ్డను చూచి ఓర్వలేని మన ఆరాటమున్నదే, అదియే అసలు జబ్బు.

"ఏమీ తోచడం లేదమ్మా" అని బిడ్డ గునిసినంతనే కంగారుపడి చేతికి ఫోను అందింతుము. ఆ తోచకపోవుటను కొంతసేపు అట్లే ఉండనిచ్చినచో దానినుండియే ఆట పుట్టును. తాటికాయల బండి చేయుట ఏ గురువు నేర్పెను? ముంజెలు జుఱ్ఱుకొనిన పిదప పారవేయవలసిన రెండు కాయబుఱ్ఱలను ఒక పుల్లకు ఇరువైపుల గ్రుచ్చి, ఆ పుల్లను పొడవైన పంగలకఱ్ఱతో నెట్టుచు, దుమ్ము లేచునట్లు వీధి ఈ చివరనుండి ఆ చివరకు పరుగెత్తు బాలుడు రాజమార్గమున రథము తోలుచున్నంత ఠీవి కనబఱచును. ఆ కాయలు రెండు మూడు నాళ్ళలో వడలిపోవును. వాడు మఱి రెండు కాయలు వెదకుకొనును.

రోహిణీకార్తెలో మిట్టమధ్యాహ్నము వీధి మొగము చూడరాదు గనుక ఆ వేళ ఇంటి ఆటలది. గచ్చుమీద సుద్దతో గీసిన అష్టాచెమ్మా, పులిజూదము, చింతపిక్కలతో వామనగుంటలు. వామనగుంటల పీటకు ఇరువైపుల ఏడేసి చొప్పున పదునాలుగు గుంటలుండును. గింజలను వరుసగా పంచుకొనుచు పోగా, చేతిలోనివి అయిపోయిన చోటికి తరువాతి గుంట ఖాళీయైనచో దాని అవతలి గుంటలోనివి ఆటగానికి దక్కును. అమ్మమ్మ ఏ గుంట ఎత్తినను గెలుచుటయు, మనుమరాలు "తొండి, తొండి" అని పీట త్రోసివేయుటయు ఈ ఆటలో భాగములే. దీనివలన గణితము పట్టుబడునని కొందఱు పెద్దలు ఆటను సమర్థింతురు. వారి మాట నిజమే కావచ్చును గాని, నాకు ఆ సమర్థనయే భయము గొల్పును. ఆటను లాభనష్టముల పద్దులో వ్రాయ మొదలిడితిమా, అదియు మఱునాటికి ఒక పాఠమై, రుసుము కట్టించుకొని కూర్చుండును.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణము విశ్రాంతిని, తీరికను, ఆటను బిడ్డల హక్కులుగా గుర్తించినది. భారతదేశము 1992లో దానికి అంగీకారము తెలిపినది. దేశదేశములు ఒప్పుకొన్న ఆ హక్కును మనము మాత్రము మార్కుల పట్టిక చూచిన పిదప మంజూరు చేయుచున్నాము.

బడులు మరల జూన్ 12 ప్రాంతమున తెఱచుదురు. అందాక, తల్లులారా, తండ్రులారా, ప్రొద్దుగ్రుంకిన వేళ ఇల్లు చేరిన బిడ్డను ఈనాడేమి నేర్చుకొంటివని అడుగకుడు. కాళ్ళు కడుగుకొమ్మని చెప్పి అన్నము పెట్టుడు.