కారెక్కిన సైకిల్

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా వరిమళ్లు, ఆపైన రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ, సరుగుడు తోపులు... చివర్లో సముద్రం. కారులో ముప్పావుగంట ప్రయాణం. కానీ అద్దాలు బిగించుకుని కారులో పోతే రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్మే చప్పుడు వినబడదు. ఉప్పుగాలి ముక్కుకి తగలదు. ఈ దారిని పొద్దున్నే ఆరింటికి సైకిల్ మీద చూడాలి.

మా ఊరు నెల్లూరే అయినా ఉంటున్నది చెన్నైలో. నా చిన్నప్పుడు ట్రంకురోడ్డు పక్క సందుల్లో గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు. చక్రం మీద షాపు పేరు, మడ్‌గార్డు మీద నంబరు రాసి ఉండేవి. మొన్న సెలవులకెళ్లి వాకబు చేస్తే, 'సైకిలెందుకు సార్, బండి ఇప్పిస్తాం' అన్నారు. అందుకే మా సైకిళ్లు చెన్నై నుంచే తెచ్చుకోవడం మొదలుపెట్టాం. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా 175 కిలోమీటర్లు. పదహారో నంబరు జాతీయ రహదారి. మా నాన్న ఇప్పటికీ దాన్ని ఐదో నంబరనే అంటారు.

బండి మీద సైకిల్ వేసుకెళ్లడం మనకేమీ కొత్త కాదు. ఒకప్పుడు ఆర్టీసీ బస్సు వెనక నిచ్చెనెక్కి, టాపు మీద అరటిగెలల పక్కన సైకిల్ పడుకోబెట్టి మోకుతో కట్టేవాళ్లు. ఆ కట్టేవాడికి ఏ ముడి ఎక్కడెయ్యాలో తెలుసు. నాకే తెలియలేదు.

మొదటిసారి కొన్నది కారు డిక్కీకి తగిలించే స్టాండు. నాలుగైదు నైలాన్ పట్టీలు, వాటి చివర కొక్కేలు, ముందుకు చాచిన రెండు చేతులు. ఆ చేతుల మీద రెండు సైకిళ్లు వేలాడదీయాలి. చవక, తేలిక, ఎవరి సాయమూ అక్కర్లేదు. తెల్లవారుజామున బయల్దేరి, నాయుడుపేటలో ఇడ్లీ తిని మళ్లీ కారెక్కాం. స్టాండు వైపు చూడనైనా లేదు. గూడూరు ఇంకా రాలేదు, పక్కనుంచి ఓ లారీ జోరుగా దాటింది. దాని గాలికి కారు కాస్త ఊగింది. ఆ వెంటనే వెనక దభీమని చప్పుడు.

అద్దంలో చూస్తే మా అమ్మాయి సైకిల్ నడిరోడ్డు మీద గిర్రున తిరుగుతోంది. వెనకాల ఓ మోటార్‌సైకిల్. భార్యాభర్తలు, మధ్యలో పాప. అతను ఎలా తప్పించాడో గానీ బండి కంకర మార్జిన్లోకి దిగి ఆగింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. తిడతాడనుకున్నా. అతను తిట్టలేదు. పాపని కిందికి దించి, చేతులు వణుకుతుంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, 'లారీ అయితే ఎక్కించుకోని పోతుందన్నా, మాది బండి గదా' అన్నాడు. అంతే. నాకు మాట రాలేదు. సైకిల్ చక్రం ఎనిమిదంకెలా వంకరపోయింది. దాని గురించి మా అమ్మాయి కూడా అడగలేదు.

తరువాత తీరిగ్గా చూసుకుంటే తప్పులన్నీ నావే. పై కొక్కేల్ని డిక్కీ తలుపు ఇనుప అంచుకి తగిలించాలి. నేను వెనకద్దం పైన ఉండే ప్లాస్టిక్ స్పాయిలర్‌కి తగిలించాను. అది ఒరుసుకుని, ఒంగి, పట్టీ వదులైంది. అసలు కొత్త నైలాన్ పట్టీ మొదటి కుదుపులకే కాస్త సాగుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆపి బిగించాలి, మళ్లీ కాఫీకి ఆగినప్పుడల్లా చేత్తో ఊపి చూడాలి. ముందు చక్రాన్ని ఫ్రేముకి కట్టలేదు కాబట్టి గాలికది గిరగిరా తిరుగుతూ మొత్తాన్నీ కుదిపింది. అన్నిటికీ మించి, పట్టీలు తెగినా సైకిల్ కింద పడకుండా కారుకి వేరే తాడు ఒకటి కట్టి ఉండాల్సింది. బస్సు టాపు మీద మోకు చేసిన పని అదే.

ఇంకో సంగతి అప్పుడు తట్టలేదు. పెద్దవాళ్ల సైకిల్ పొడవు దగ్గరదగ్గర మీటరు డెబ్బై, ఎనభై సెంటీమీటర్లు. చిన్న కారు వెడల్పూ అంతే. వెనక అడ్డంగా వేలాడదీస్తే చక్రం పక్కకి పొడుచుకొస్తుంది. బండి పక్కలు దాటి సరుకు బయటికొస్తే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం కింద జరిమానా 20 వేల రూపాయలు. ముందు చక్రం ఊడదీస్తే ఆ బాధ తప్పుతుంది. నంబరు ప్లేటు, వెనక దీపాలు కనబడుతున్నాయో లేదో కారు వెనక నిలబడి చూడటం మాత్రం మరిచిపోవద్దు. బ్రేకు దీపం కనబడకపోతే వెనకొచ్చేవాడికి మనం ఆగుతున్నట్టు ఎలా తెలుస్తుంది? సైకిల్ టైరు సైలెన్సర్ గొట్టం ముందుకి రాకూడదు. వేడికి రబ్బరు కరుగుతుంది.

మరి టాపు మీద పెడితే? అడ్డబార్లు బిగించి, వాటి మీద సైకిల్ నిలబెట్టే పట్టాలు పెట్టుకోవాలి. వెనక ఏదీ మరుగుపడదు, పట్టు కూడా బలంగా ఉంటుంది. కాకపోతే టాపు ఎంత బరువు మోస్తుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చూసుకోవాలి. బార్ల బరువూ అందులోనే కలుపుకోవాలి. గేర్ల సైకిల్ పదమూడు, పద్నాలుగు కిలోలుంటే, మన పాతకాలం నల్లసైకిల్ ఇరవై దాటుతుంది. ఎత్తు పెట్టేటప్పుడే నడుం సంగతి తెలిసొస్తుంది. వేగం కూడా తగ్గించాలి. ఎనభై నుంచి వందకి పెంచితే గాలి తోపుడు ఒకటిన్నర రెట్లవుతుంది. నేనైతే ఎనభై దాటను.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, నెత్తిన సైకిల్ ఉన్న సంగతి మరిచిపోవడం. మీటరున్నర ఎత్తు కారు మీద సైకిల్ నిలబెడితే రెండున్నర మీటర్లు దాటుతుంది. నెల్లూరుని రైలు పట్టాలు నిలువునా చీలుస్తాయి. విజయమహల్ గేటు దగ్గరో, మాగుంట లేఅవుట్ దగ్గరో అండర్ బ్రిడ్జి దూరే ముందు, అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగే ముందు ఒక్క క్షణం ఆగాలి. మొత్తం ఎత్తు కొలిచి, కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకున్నాను. మా ఆవిడ నవ్వింది. నవ్వనీ.

ఇప్పుడు మా పద్ధతి వేరు. రెండు సైకిళ్లయితే స్టాండు జోలికే పోను. వెనక సీట్లు మడిచి, ముందు చక్రాలూడదీసి, గేర్లు పైకొచ్చేలా పడుకోబెట్టి, మధ్యలో పాత దుప్పటి వేస్తాను. బ్రేకు వేస్తే ముందుకి దూసుకురాకుండా వాటినీ కడతాను. పిల్లలిద్దరూ వాళ్లమ్మతో రైల్లో వస్తారు. నలుగురం కారులోనే రావాలంటే తప్ప టాపు బార్లు బయటికి తీయను.

పోయిన సంక్రాంతికి అలాగే వెళ్లాం. మైపాడు రోడ్డులో స్పీడ్ బ్రేకర్లకి లెక్కలేదు, ప్రతిదాని దగ్గరా సైకిళ్లు గుర్తొచ్చేవి. అందుకని ఇందుకూరుపేట దాటగానే దించేశాం. పిల్లలు ముందు, నేను వెనక. కాలువ దగ్గర ఆగి, కాకినాడ నుంచి విళుపురం దాకా ఒకప్పుడు పడవలు పోయిన దారి ఇదేనని చెప్పాను. విన్నారో లేదో, తోపుల వైపు తొక్కేశారు.

తిరిగొచ్చాక ఓ బోరు దగ్గర మంచినీళ్లతో సైకిళ్లు, చైన్లు, కారు మీది బార్లు, బోల్టులు అన్నీ కడిగాం. సముద్రపు ఉప్పు నాలుగు రోజులుంటే చాలు, బోల్టు తుప్పు పట్టి రెంచికి లొంగదు. ఆరాక చైనుకి నూనె వేసి, పట్టీల బకిల్స్‌లో ఇసుక దులిపి, మళ్లీ ఎక్కించి కట్టాను. మా అమ్మాయి వచ్చి ఒక్కో సైకిల్నీ పట్టుకుని గట్టిగా ఊపింది. కారు మొత్తం కదిలింది గానీ సైకిల్ కదల్లేదు. 'ఇంక పద నాన్నా, ఇంటి దగ్గర చేపల పులుసు చల్లారిపోతుంది' అంది.