కథ ఒక వీధిది, బతికింది ఇంకో వీధి

హాంకాంగ్ సినిమా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కుంగ్ ఫూ తన్నులు, లేదంటే తుపాకుల మోత. 2010లో వచ్చిన 'ఎకోస్ ఆఫ్ ద రెయిన్‌బో'లో ఉన్నది మాత్రం నెత్తిన గాజు చేపతొట్టె బోర్లించుకుని వీధులు తిరిగే ఎనిమిదేళ్ల పిల్లాడు. అది 1969. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాది కదా, వీడు కూడా వ్యోమగామి అయిపోయాడు. చేతివాటం కూడా ఉంది. కంటికి నచ్చిందల్లా జేబులో వేసుకుంటాడు, ఇంటికొచ్చి దాచుకుంటాడు.

నాన్న బూట్లు కుడతాడు. ఊరు షామ్ షుయ్ పో, కౌలూన్ వైపు పేదల పేట. కింద దుకాణం, పైన అటక, అదే ఇల్లు. ఆయన నోరు విప్పడు. ఆ లోటంతా అమ్మ తీరుస్తుంది. బేరానికి వచ్చినవాణ్ణి మాటలతోనే కట్టిపడేస్తుంది. పెద్ద కొడుకు పేరున్న బళ్లో చదువుతున్నాడు, హర్డిల్స్ పరుగులో దిట్ట. ఇంటి ఆశలన్నీ వాడి మీదే. వాడికే రక్త క్యాన్సర్ వస్తుంది. దర్శకుడు అలెక్స్ లా ఇది ఊహించి రాసుకోలేదు, చాలావరకు తన ఇంటి కథే. గూండా వేషాలకు పేరుపడ్డ సైమన్ యామ్‌ని నాన్నగా, కామెడీకి పేరుపడ్డ సాండ్రా ఇంగ్‌ని అమ్మగా పెట్టడంలోనే ఆయన సగం గెలిచాడు.

నాకు బాగా నచ్చింది వీధి భోజనాలు. పొద్దు వాలేసరికి ఇంటి ముందు బల్లలు పడతాయి. అన్నం గిన్నె ఎవరిది వాళ్ల చేతిలోనే ఉంటుంది, చాప్‌స్టిక్స్ మాత్రం పక్కింటి కూరలోకీ వెళ్లొస్తాయి. పాతరోజుల ఆప్యాయత అని మురిసిపోతాం గానీ, అందులో సగం ఇరుకు చేసిన పనే. లోపల నలుగురు కూర్చుని తినే చోటుండాలిగా! ఆ పేటలోనే 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెలు తగలబడి సుమారు 53 వేల మంది వీధిన పడ్డారు. హాంకాంగ్‌లో ప్రభుత్వం పెద్ద ఎత్తున పేదలకు ఇళ్లు కట్టడం ఆ బూడిదలోంచే మొదలైంది.

దర్శకుడు ఇరుకునైతే కాస్త తీపిచేసి చూపించాడు గానీ, లంచాన్ని మాత్రం దాచలేదు. మామూళ్లకు వచ్చే తెల్ల పోలీసు, పైకి రావాలంటే ఇంగ్లీషు నేర్చుకోమని సలహా కూడా పారేసి పోతాడు. ఆస్పత్రిలోనూ చెయ్యి తడిపితేనే పని. ఇలాంటివాటిని పట్టుకోవడానికి అక్కడ ప్రత్యేక సంస్థ వచ్చింది 1974లో. ఈ కుటుంబానికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక తుపాను రాత్రి. గాలికి ఇంటికప్పు లేచిపోతుంటే నాన్న దాన్ని పట్టుకుని వేలాడతాడు. నోరు విప్పని మనిషి గొంతు చించుకుని అరుస్తాడు, కప్పు పోకూడదని. సినిమాని అక్కడ ఆపినా నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఆ తర్వాత ఏడుపు పాళ్లు ఎక్కువయ్యాయి. సంగీతం ముందే వచ్చి మన భుజం మీద చెయ్యి వేస్తుంది, ఏడవడానికి సిద్ధంగా ఉండమని. అంత బలవంతం అక్కర్లేదు. చిన్నవాడు తాను కొట్టేసి దాచుకున్నవన్నీ తీసుకెళ్లి నీళ్లలో పడేస్తాడు. ఎంతో ఇష్టమైనవి వదిలేస్తే పోయినవాళ్లు మళ్లీ కనిపిస్తారని నాయనమ్మ చెప్పింది మరి. ఆ ఒక్కటీ చాలు.

అసలు తమాషా సినిమా బయట జరిగింది. షామ్ షుయ్ పో కథని తీసింది షామ్ షుయ్ పోలో కాదు, సముద్రానికి అవతల హాంకాంగ్ ద్వీపంలో, షుంగ్ వాన్‌లోని వింగ్ లీ వీధిలో. కార్లు పోని చిన్న సందు, మెట్లెక్కి చేరాలి. ఒకప్పుడు అచ్చాఫీసులకు పేరు. అరవైల నాటి వాలకం చెడకుండా మిగిలిందని కెమెరా అక్కడికి వెళ్లింది. అప్పటికే ఆ ఇళ్లలో చాలావాటిని పడగొట్టే పథకం సిద్ధంగా ఉంది. 2010 ఫిబ్రవరిలో బెర్లిన్ ఉత్సవంలో పిల్లల చిత్రాల విభాగం నుంచి ఈ సినిమాకి క్రిస్టల్ బేర్ బహుమతి వచ్చింది. జనం ఆ సందు చూడటానికి ఎగబడ్డారు. మార్చిలో అధికారులు మనసు మార్చుకుని వీధిని ఉంచేస్తామన్నారు. కూల్చొద్దని అంతకుముందు నుంచీ మొత్తుకుంటున్న వాళ్ల మాట అప్పటిదాకా చెవికెక్కలేదు.

అక్కడ జరగని కథకోసం వీధిని నిలబెట్టారని ఎకసెక్కం చేసేవాళ్లు ఉంటారు. నేను ఆ జట్టులో లేను. బూట్లు కుట్టే ఆ నాన్న అక్కడ ఏనాడూ లేడన్నది నిజమే. కానీ ఆ సందులో సీసం అక్షరాలు పేర్చి, కాగితం మోసి, అలాగే ఇరుక్కుని బతికినవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద ఎవరూ సినిమా తియ్యలేదు, అంతే.